పద్యం మధ్యలో షాట్ మారితే

పద్యనాటకాన్ని ఇవాళ ఎక్కువమంది చూస్తున్నది ఫోన్లో. తెనాలి నుంచో పాలకొల్లు నుంచో వచ్చి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లలో, చిన్నప్పుడు తాత పక్కన చాప మీద కూర్చుని తెల్లవార్లూ నాటకం చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇప్పుడు తిరునాళ్లకని ఊరెళ్లే తీరిక వాళ్లకు లేదు. పడక సీను, రాయబారం, కాటి సీను మాత్రం యూట్యూబ్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతున్నాయి. చూస్తున్నారు, ఒకరికొకరు పంపుకుంటున్నారు, ఫలానా కృష్ణుడు గొప్పవాడని, ఫలానా హరిశ్చంద్రుడు తేలిపోయాడని తీర్పులూ చెప్పేస్తున్నారు. ఆ తీర్పుల్లో న్యాయమెంత? కెమెరా పట్టిచ్చిన బొమ్మనూ మైకు పట్టిచ్చిన గొంతునూ చూసి ఒక గాయక నటుణ్ణి తూచవచ్చా?

తూచవచ్చనే నా నమ్మకం. అయితే నటుడి కంటే ముందు ఆ చిత్రీకరణను తూచాలి. పద్యం ఎత్తుకున్న చోటు నుంచి దించిన చోటు దాకా అది మనకు చూపించిందా, వినిపించిందా అన్నది మొదటి పరీక్ష. అందులో తప్పిన రికార్డింగును పట్టుకుని పాడినవాడి మీద తీర్పు చెప్పడం అన్యాయం.

ఈ సమస్య తెలుగు టాకీ అంత పాతది. 1932లో వచ్చిన మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ అంటేనే కెమెరా ముందుకు నడిచొచ్చిన సురభి నాటకం. హెచ్.ఎం. రెడ్డి నటులను బొంబాయి తీసుకెళ్లి అక్కడి స్టూడియోలో తీశారు. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి, ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. కెమెరా తిరుగుతుండగానే, కనపడకుండా పెట్టిన మైకుకు అందేలా, నటిస్తూ పాడాల్సిందే. అంటే మొదటి తెలుగు టాకీ ఒక రకంగా నాటక రికార్డింగు కూడా. ఆ ప్రింటు ఇప్పుడు దొరకదు కాబట్టి అందులో కమలాబాయి గారు ఎలా పాడారో చెప్పే సాక్ష్యం మన దగ్గర లేకుండా పోయింది. తెలుగు రంగస్థలానికి జరిగిన పెద్ద నష్టాల్లో అదొకటి.

ఆ సురభి కుటుంబాల వారసులు చాలామంది ఇప్పుడు సైబరాబాద్ పరిధిలోనే ఉంటున్నారన్న సంగతి ఇక్కడి కంపెనీల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. హైటెక్ సిటీ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట, చందానగర్ దాటగానే లింగంపల్లి. అక్కడికి దగ్గర్లోనే శేరిలింగంపల్లి సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన సంప్రదాయం ఇప్పటికీ అక్కడి ఇళ్లలో సాగుతోంది. అప్పట్లో స్త్రీ పాత్రలు మగవాళ్లు కట్టడమే ఆనవాయితీ. సురభిలో మాత్రం ఇంటి ఆడవాళ్లే కట్టారు, పాడారు. తెలుగు తెర మీద మొదటి కథానాయిక గొంతు ఆ కుటుంబం నుంచి రావడంలో ఆశ్చర్యం లేదు.

1936లో ఇంకో ముచ్చట జరిగింది. ద్రౌపది కథతో ఒకే ఏడాది రెండు సినిమాలు పోటీపడ్డాయి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు సాక్షాత్తూ బళ్లారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు, ద్రౌపది సురభి కమలాబాయి. అందరూ నాటకరంగంలో ఆరితేరినవాళ్లే. మొదటిది ఆడింది, రెండోది ఆడలేదు. దీన్నిబట్టి రాఘవ కంటే యడవల్లి గొప్ప నటుడని ఎవరైనా తేలుస్తారా? తేల్చరు. తీసినవాడి పనితనం, కంపెనీ స్తోమత, ఏది ముందు వచ్చింది అన్నవి కూడా సినిమా జయాపజయాల్లో కలిసి ఉంటాయి. నాటక వీడియోలకు వచ్చిన వ్యూస్‌ను బట్టి ఇవాళ గాయకులకు ర్యాంకులిచ్చేవాళ్లు ఈ 1936 నాటి సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

అసలు పద్యాన్ని కెమెరాతో పట్టడం ఎందుకంత కష్టం? పాశ్చాత్యుల ఆపెరా దీనికి దగ్గరి చుట్టమే అయినా ఒక పెద్ద తేడా ఉంది. ఆపెరాలో కాలం కండక్టరు చేతి కర్రలో ఉంటుంది. పాటకు తాళముంది, వాద్యబృందమంతా ఆ లెక్కకు కట్టుబడి నడుస్తుంది. రంగస్థల పద్యానికి తాళం లేదు. హార్మోనిస్టు శ్రుతినిస్తాడు, పాదం ఆగిన చోట అందుకుని ఆ రాగాన్నే నాలుగు చుట్లు చుట్టి మళ్లీ నటుడి నోటికి అప్పజెబుతాడు. తబలా పద్యం అయ్యేదాకా కాచుకుని ఉంటుంది. ఏ మాట దగ్గర ఆగాలి, దేని మీద నిలవాలి, ఎంతసేపు నిలవాలి అన్నవన్నీ నటుడు అక్కడికక్కడ తేల్చుకునేవే. అందుకే నిన్న పాడిన పద్యం ఈ రోజు అదే పద్యంగా ఉండదు.

ఒక సీసపద్యం దగ్గరగా చూద్దాం. ఎత్తుకునే ముందు నటుడు హార్మోనిస్టు వైపు ఓరకంట చూస్తాడు. ఆ చూపులో ఏ రాగమో, ఏ స్థాయిలో మొదలో ఇద్దరికీ ఒప్పందం కుదిరిపోతుంది. అర అడుగు మైకు దగ్గరికి జరుగుతాడు. మొదటి పాదం మధ్యస్థాయిలో, మాటలు విడివిడిగా పలుకుతూ, గొంతు దాచుకుంటూ సాగుతుంది. రెండో పాదానికి చెయ్యి లేస్తుంది. మూడో పాదంలో ఎక్కడో ఒక సమాసం మధ్యలో ఊపిరి చాలదు. అక్కడ విరిస్తే అర్థం చెడుతుంది, విరవకపోతే గొంతు చెడుతుంది. మంచి నటుడు ఆ చిక్కును రెండు మాటల ముందే పసిగట్టి, చిన్న గమకం చాటున ఊపిరి తీసుకుంటాడు. నాలుగో పాదం దించీదించగానే ఎత్తుగీతి. పేరులోనే ఉన్నట్టు, గొంతు తారస్థాయికి లేచేది అక్కడే. చివరి మాట మీద రాగం విప్పి, పై షడ్జమం ముట్టి, మెట్లు దిగినట్టు కిందికొచ్చి హార్మోనియంతో కలిసి ఆగుతాడు. ఈ మూడు నాలుగు నిమిషాల్లో నటుడి శరీరమంతా పాడుతూ ఉంటుంది. భుజాలు బిగుస్తున్నాయా, మెడ నరాలు ఉబ్బుతున్నాయా, కళ్లు ఎదుటి పాత్ర మీద ఉన్నాయా లేక జనం మీదికి పోయాయా అన్నవన్నీ అతనెంత గాయకుడో చెప్పే ఆనవాళ్లు.

ఇప్పుడు మన వీడియోలు చేసే పని చూడండి. రెండు మూడు కెమెరాలు పెట్టినచోటల్లా ఎత్తుగీతి మొదలవగానే షాట్ మారుతుంది. దుర్యోధనుడి మీసం మీదికో, ముందు వరసలో కూర్చున్న ముఖ్య అతిథి మీదికో, చప్పట్లు కొట్టబోతున్న జనం మీదికో పోతుంది. తిరిగి కృష్ణుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగిపోతూ ఉంటుంది. ఎక్కడైతే నటుడి సత్తా బయటపడాలో సరిగ్గా అక్కడే సాక్ష్యం చేజారిపోయిందన్నమాట. ఇటీవల చూసిన ఒక రాయబారం రికార్డింగులో మొత్తం నాటకం మీద ఒక్క పద్యం కూడా మొదటి నుంచి చివరిదాకా ఒకే షాట్‌లో లేదు. పాడినతను చాలా మంచి గాయకుడని చెవికి తెలుస్తూనే ఉంది. ఎంత మంచివాడో చెప్పమంటే మాత్రం చెప్పలేను. పాత పరిషత్తుల్లో మూలన స్టాండు మీద పెట్టి వదిలేసిన ఒంటి కెమెరా రికార్డింగులు బొమ్మ మసకగా ఉన్నా ఈ విషయంలో ఎన్నో రెట్లు నయం. వాటిని చూసి నటుణ్ణి తూచవచ్చు.

ఆపెరాను తెరకెక్కించినవాళ్లు ఈ చిక్కును ఎన్నో రకాలుగా విప్పడానికి ప్రయత్నించారు. మనకు పనికొచ్చే పాఠాలు అందులో ఉన్నాయి. 1964 ఫిబ్రవరిలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో మరియా కలాస్, టీటో గోబీ పాడిన ‘టోస్కా’ రెండో అంకాన్ని టీవీ కోసం చిత్రీకరించారు. అప్పటికి కలాస్ గొంతు తన ఉచ్చస్థితి దాటిపోయింది. పై స్వరాల్లో వణుకు స్పష్టంగా వినపడుతుంది. అయినా ఆ నలుపు తెలుపు బొమ్మ చూసినవాళ్లు ఆమెను మరిచిపోలేరు. గోబీ పాడుతున్నప్పుడు ఆమె వినే తీరు, ఒక మాట తన మీద పడగానే ఒళ్లంతా మారిపోయే తీరు కెమెరా పట్టుకుంది. ఒట్టి రికార్డు ప్లేటు విని ఆమె వయసయిపోయిందని తేల్చేసేవాడు ఈ చిత్రం చూస్తే తీర్పు మార్చుకుంటాడు. చిత్రీకరణ గాయకురాలికి న్యాయం చేసిన సందర్భమది.

ఇంగ్మర్ బెర్గ్‌మన్ 1975లో స్వీడిష్ టీవీ కోసం తీసిన ‘మాయా వేణువు’, జెఫిరెల్లీ 1982లో తీసిన ‘లా త్రావియాతా’ వేరే దారి. అక్కడ పాటలు ముందే రికార్డయ్యాయి, నటులు పెదవులు కలిపారు. బెర్గ్‌మన్ చిత్రం ఎంతో హాయిగా ఉంటుంది. ఆరంభ సంగీతం నడుస్తున్నంతసేపూ ప్రేక్షకుల మొహాలు చూపించడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. అయితే దగ్గరి షాట్‌లో అంత పెద్ద స్వరం పలుకుతున్న మనిషి మెడలో కదలిక కనపడదు, ఊపిరి కనపడదు. మంచి సినిమాలే కానీ వాటిని చూసి ఫలానా ఆమె ఆ రాత్రి ఎలా పాడిందని తీర్పు చెప్పడానికి లేదు. అసలు ‘ఆ రాత్రి’ అనేదే లేదు.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఆపెరా 2006 డిసెంబరులో మొదలుపెట్టిన ప్రత్యక్ష ప్రసారాలు మూడో దారి. హాల్లో జనం ముందు పాడుతున్నదాన్ని అప్పటికప్పుడు ఉపగ్రహం ద్వారా దేశదేశాల సినిమా హాళ్లకు పంపుతున్నారు. ఇక్కడ ఇంకో చిక్కు. ఆపెరా గాయకులు హాల్లో మైకు వాడరు. వేలమంది కూర్చున్న హాలు చివరి వరస దాకా ఒట్టి గొంతుతో, వాద్యబృందాన్ని దాటి వినపడటమే వాళ్ల విద్యలో సగం. ప్రసారం కోసం పెట్టిన మైకు ఆ తేడాను చెరిపేస్తుంది. చిన్న గొంతు, పెద్ద గొంతు తెర మీద ఒకటే అయిపోతాయి. కాబట్టి తెర మీద ఆపెరా చూసినవాడు స్వరశుద్ధి గురించీ నటన గురించీ మాట్లాడవచ్చు గానీ గొంతు పరిమాణం గురించి మాట్లాడకూడదు.

ఇవాళ మన నటులు హాల్లోనూ మైకులోనే పాడుతున్నారు కాబట్టి మన నాటకానికి ఈ చివరి బెడద తక్కువ. మైకులు రాకముందు తరం వేరు. కాలిపెట్టె హార్మోనియం పక్కన, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, ఊరి బయట మైదానంలో వేలమందికి వినపడేలా అయిదు శ్రుతిలో గొంతెత్తి పాడిన తరం అది. పెద్ద గొంతు, పొడుగు రాగం ఆ రోజుల్లో అవసరంలో నుంచి పుట్టిన గుణాలు. మైకు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. కొలబద్ద మాత్రం మారలేదు. ఇవాళ కూడా పద్యం చివర ఎవరు ఎక్కువసేపు రాగం తీస్తే వాళ్లకే ఈలలు, వాళ్లకే వన్స్ మోర్‌లు. మైకు నోటికి ఆనించుకుని, ఎకో పెట్టించుకుని తీసే పొడుగు రాగానికీ మైదానంలో ఒట్టి గొంతుతో తీసిన రాగానికీ ఒకే విలువ కట్టడం సరికాదు. ఇవాళ్టి రికార్డింగులో రాగం పొడవు దాదాపు ఏమీ చెప్పదు.

రాగాలు అతిగా తీయడం మీద పోరాటం కూడా కొత్తది కాదు. బళ్లారి రాఘవ పాత్రను వదిలేసి పాట కచేరీ చేసే నటులను ఒప్పుకోలేదు. ఆయన మాట ఆ రోజుల్లో ఎక్కువమంది వినలేదు, ఎందుకంటే జనం టికెట్టు కొన్నది ఆ రాగం కోసమే. నా తీర్పు రాఘవ వైపు పూర్తిగా మొగ్గదు. రాగం లేకపోతే పద్యనాటకం ఉత్త వచననాటకమైపోతుంది. కానీ కెమెరా దగ్గరికొచ్చిన ఈ కాలంలో ఆయన అన్నదే ఎక్కువ నిజమవుతోంది. దగ్గరి షాట్‌లో, కళ్లు మూసుకుని రాగంలో మునిగిపోయిన కృష్ణుడు రాయబారిగా కనపడడు. కచేరీ చేస్తున్న గాయకుడిగా కనపడతాడు.

రాయబారం కృష్ణుల్లోనే రెండు బడులు చెవికి తెలుస్తాయి. పీసపాటి నరసింహమూర్తి గారి పద్యంలో మాట ముందు నడుస్తుంది, రాగం దాని వెనకాల వస్తుంది. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకటకవులు పెట్టిన విరుపు, ఎత్తిపొడుపు, బెదిరింపు ఒక్కటీ పోదు. షణ్ముఖి ఆంజనేయరాజు గారిలో రాగమే ముందుండి మాటను మోసుకుపోతుంది. వింటున్నవాడు ఆ ప్రవాహంలో పడిపోతాడు. ఇద్దర్నీ విన్న తాతలు ఒకరి పక్షాన ఒకరు రాత్రంతా వాదించుకోగలరు. రికార్డింగు వింటున్న నాలాంటివాళ్లకు మాత్రం మొదటి బడి ఎక్కువ దక్కుతుంది. మైదానంలో చలిగాలితోపాటు తేలివచ్చిన రాగపు మత్తు ఇయర్‌ఫోన్లోకి సగమే వస్తుంది. మాట మొత్తంగా వస్తుంది. కాబట్టి రికార్డింగును బట్టి రెండో బడి చిన్నదని అనుకోవడం కూడా తొందరపాటే. ఆ నష్టం యంత్రానిది.

మన చెవులను మార్చిన ఇంకో పెద్ద సంగతి సినిమా పద్యం. 1960లో వచ్చిన ‘శ్రీకృష్ణ రాయబారం’లో కృష్ణుడు ఈలపాట రఘురామయ్య. వేషం ఆయనదే, గొంతూ ఆయనదే, రంగస్థలం వాసన పోకుండా తెరకెక్కింది. ఆ దారి అక్కడితోనే దాదాపు ఆగిపోయింది. వేషం ఎన్.టి. రామారావుది, గొంతు ఘంటసాలది అన్న పద్ధతి నిలబడింది. ఘంటసాల పద్యం మైకు తెలిసిన పద్యం. మెల్లగా మొదలై, మాట మాటకూ అర్థం పలికి, చివర రాగాన్ని ఒకటి రెండు చుట్లతో ముగించే పద్ధతి ఆయనది. నాటకంలో మూడు నిమిషాలు పట్టేది తెర మీద నిమిషంలో ముగిసింది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ రికార్డు విన్నవాళ్లకు ఆ పద్ధతి ఎంత లోతుకు పోగలదో చెప్పనక్కర్లేదు. అది గొప్ప కళ, అందులో సందేహం లేదు. చిక్కల్లా ఆ కొలబద్దను తెచ్చి రంగస్థల నటుడి మీద పెట్టడం దగ్గరే. స్టూడియోలో నిలబడి, కాగితం చూసి, సరిగా రాకపోతే ఇంకో టేక్ తీసుకుని పాడిన గొంతుతో, కిరీటం బరువు మోస్తూ, దీపాల వేడిలో, ఎదుటి పాత్రను చూస్తూ ఒక్కసారే పాడినవాడిని పోల్చి ‘శ్రుతి కొంచెం పడింది’ అనడం తేలిక. నాలుగు గంటల నాటకంలో ఎక్కడో ఒకచోట శ్రుతి పడటం గాయకుడి లోపం కింద పెద్దగా లెక్కపెట్టకూడదు. పడ్డాక తరువాతి పాదానికల్లా సర్దుకున్నాడా అన్నదే చూడాలి.

గాయక నటుడిలో నేను వెతికేవి మరి కొన్ని ఉన్నాయి. వచనం నుంచి పద్యంలోకి దాటే అతుకు వాటిలో ముఖ్యమైనది. చాలామంది మాటలు ఒక గొంతుతో చెప్పి, ఆగి, గొంతు సవరించుకుని, పద్యానికి వేరే మనిషిగా మారిపోతారు. మంచి నటుడిలో కోపం వచనంలో మొదలై, మాటలు చాలక పద్యంలోకి పొంగుతుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’ కాటి సీనులో ఈ అతుకు ప్రాణం. కాటికాపరి అయిన రాజు చితి ముందు ఒంటరిగా నిలబడి, పక్కన మాట్లాడే తోడు లేకుండా, పద్యం తరువాత పద్యం పాడాలి. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు లాంటివాళ్ల పేర్లు ఊరూరా నిలిచిపోయింది ఆ సీనుతోనే. క్యాసెట్ల కాలంలో ఆ పద్యాలు ట్రాక్టర్ల మీద, టీ కొట్ల దగ్గర మోగేవి. క్యాసెట్‌కు బొమ్మ లేదు, అయినా విన్నవాళ్లకు శ్మశానం కనపడేది. కెమెరా ఆ సీను తీసేటప్పుడు పొగ, దయ్యాలు, గ్రాఫిక్కులు కలపాలన్న ఆశను ఆపుకోగలిగితే అంతే చాలు.

వినడం కూడా తూచాల్సిందే. అవతలి పాత్ర పద్యం పాడుతున్నప్పుడు ఇవతలి నటుడు ఏం చేస్తున్నాడు? పడక సీనులో కృష్ణుడు కళ్లు తెరిచేదాకా ఎదురుచూసే దుర్యోధనుడి అసహనం పాటలో కాక కూర్చున్న తీరులో ఉంటుంది. ఇక్కడ మాత్రం షాట్ మారడానికి న్యాయమైన కారణం ఉంది. పద్యం ముగిసి, హార్మోనియం మోగుతున్నంతలో అవతలి మొహం చూపిస్తే అది ఎడిటర్ తెలివి. పాడుతుండగా చూపిస్తే తెలివితక్కువతనం.

కాంట్రాక్టు నాటకాల సంగతి కూడా ఇందులోకి వస్తుంది. ఒకే రాత్రి ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు, ఇద్దరు అర్జునులు దిగడం ఆ పద్ధతి. ప్రతి సీనుకూ ఒక పేరున్న నటుడు తాజా గొంతుతో వచ్చి రెచ్చిపోతాడు. జనానికి పండగ. కానీ ఒక పాత్రను మొదటి నుంచి చివరిదాకా మోసిన గొంతు చివరి సీనులో ఎలా ఉంటుంది, ఆ అలసటను నటుడు పాత్ర అలసటగా ఎలా మలుచుకుంటాడు అన్నది అక్కడ తెలిసే వీల్లేదు. యూట్యూబ్‌లో విడి సీన్లు మాత్రమే చూసేవాళ్ల పరిస్థితీ అదే. అందుకే విడి సీను చూసి మెచ్చుకోవచ్చు గానీ, ఇద్దరిలో ఎవరు పెద్ద నటుడని తేల్చాలంటే నాటకం మొత్తం చూసి తీరాలి.

కూచిపూడి వైపు చూస్తే ఈ సమస్య ఇంకో రూపంలో ఉంది. పాత భాగవతుల్లో సత్యభామ వేషం కట్టినవాడు ఆడుతూ తానూ గొంతు కలిపేవాడు. వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాల నాటికి పాట పూర్తిగా పక్కన కూర్చున్న బృందానిది అయ్యింది. వాటికి సంగీతం కూర్చిన పట్రాయని సంగీతరావు గారు ఘంటసాల దగ్గర ఏళ్ల తరబడి హార్మోనియం వాయించినవారు. ఆ నాటకాల ప్రాణం సగం ఆ సంగీతంలోనే ఉంది. వీడియోల్లో మాత్రం గాయకబృందం మొదట్లో ఒకసారి, చివర్లో దండలు వేసేటప్పుడు ఒకసారి కనపడుతుంది. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా నర్తకులు ఒక్కసారిగా కూచిపూడి ఆడారు. చూడటానికి కన్నులపండువ. అంత పెద్ద సభలో కెమెరాకు కనిపించేది సంఖ్యే, గాయకుడు కాదు. అలాంటివాటిని గాయకుల తూకంలోకి తీసుకురానక్కర్లేదు.

సురభి నాటకాలను చిత్రీకరించడంలో మాత్రం నేను చెప్పిన ఒకే షాట్ సూత్రానికి ఇంకో బలం కూడా తోడవుతుంది. ‘మాయాబజార్’, ‘పాతాళ భైరవి’ లాంటి నాటకాల్లో నారదుడు మేఘాల మీద దిగడం, బాణాలు గాల్లో ఢీకొని మంట లేవడం, రెప్పపాటులో తెర మారి అడవి కోటగా మారడం అన్నీ తీగలతో, పరదాలతో, వేదిక పక్క వింగుల చాటున నిలబడ్డ మనుషుల చేతులతో జరుగుతాయి. హాలు మధ్యలోంచి చూసినవాడికి అది మాయ. జూమ్ చేసిన కెమెరాకు అది ఇనప తీగ. వింగు చాటు నుంచి తీసిన వీడియోల్లో తీగలు కనపడి పిల్లలు నవ్వుకోవడం చూశాను. తప్పు సురభి వాళ్లది కాదు, కెమెరా ఉండకూడని చోట ఉండటమే తప్పు. ఆ సన్నివేశాల్లో పాడుతున్నవాళ్ల మీద ఎంత భారముందో కూడా మధ్య వరస నుంచే తెలుస్తుంది. నారదుడు వేలాడుతూనే శ్రుతి తప్పకుండా పాడాలి. కడుపుకు పట్టా బిగించి ఉండగా ఊపిరి తీసుకోవడం ఎంత కష్టమో కచేరీ గాయకుల్లో ఎంతమందికి తెలుసు? దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ గొంతుకు మార్కులు వేయలేం.

ఇక హాళ్లు, శబ్దం. మాదాపూర్ శిల్పకళా వేదిక లాంటి పెద్ద హాలు సినిమా పాటల సభలకు బాగా పనికొస్తుంది. అక్కడి స్పీకర్లు, మిక్సర్లు ఆ పనికే అలవాటుపడ్డాయి. పద్యనాటకానికి అదే అమరిక వాడితే హార్మోనియం గొంతు మీద పడుతుంది, తబలా దద్దరిల్లుతుంది, ఎకో వల్ల పాదం చివరి అక్షరం తరువాతి పాదం మొదటి అక్షరంతో కలిసిపోతుంది. యతి మైత్రి వినపడదు, ప్రాస వినపడదు. పద్యానికి అవి అలంకారాలు మాత్రమే కావు, వినేవాడు అర్థాన్ని పట్టుకునే పిడులు. రికార్డింగుకు మిక్సర్ నుంచే నేరుగా తీగ లాగితే ఇంకో నష్టం. హాల్లో జనం ఎక్కడ ఊపిరి బిగబట్టారో, ఎక్కడ వన్స్ మోర్ అన్నారో వినపడదు. గాయకుడు జనం చప్పట్లకు లొంగి పద్యాన్ని సాగదీశాడా, జనాన్ని తన వెంట తిప్పుకున్నాడా అన్నది ఆ చప్పుడు లేకుండా తెలియదు.

ఇది సరిచేయడం ఈ ప్రాంతంలో ఏమంత కష్టం కాదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి రంగస్థల కళల విభాగముంది. కాస్త దూరంలో సురభి కాలనీ ఉంది. చుట్టూ కెమెరా, శబ్దం, ఎడిటింగ్ తెలిసిన కుర్రాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో కొందరి తాతలు వేషం కట్టినవాళ్లే. ఒక నాటకాన్ని పూర్తిగా, ఒకే రాత్రి, జనం ముందు తీయాలి. ఒక కెమెరా హాలు మధ్య వరసలో, మనిషి కంటి ఎత్తులో, రంగస్థలమంతా పట్టేలా మొదటి నుంచి చివరిదాకా కదలకుండా ఉండాలి. రెండోది నటుణ్ణి నడుము దాకా చూపిస్తూ, పద్యం నడుస్తున్నంతసేపూ అతన్ని వదలకుండా ఉండాలి. నటుడికి ఒక మైకు, హార్మోనియానికి ఒకటి, జనానికి ఒకటి విడివిడిగా రికార్డు చేసి, ఎకో లేకుండా కలపాలి. రెండు కెమెరాల బొమ్మనూ కత్తిరించకుండా దాచాలి, ఎడిట్ చేసినదాన్ని వేరుగా పెట్టాలి. హార్మోనిస్టు పేరు, శ్రుతి, నాటకం ఆడిన తేదీ, ఊరు, పద్యానికి వాడిన రాగం రాసి ఉంచాలి. హార్మోనిస్టు పేరు వేయని వీడియోలు ఎన్నో. ఆ మనిషి లేకుండా పద్యం లేచి నిలబడదు, అయినా పేరు ఉండదు.

ఇవాళ యాభై, అరవై ఏళ్ల వయసులో ఉన్న కృష్ణులు, హరిశ్చంద్రులు గుంటూరు, ప్రకాశం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకా పాడుతున్నారు. ముందు వాళ్లతో మొదలుపెట్టాలి. ఆ తరువాత సురభి ఇళ్లలో ఇప్పుడే లీలావతి, శశిరేఖ వేషాలు కడుతున్న అమ్మాయిలను తీయాలి. మొదటి టాకీలో కమలాబాయి గారి పాట మనకు దక్కలేదు. ఈ అమ్మాయిలు ఈ ఏడాది ఎలా పాడారో, పదేళ్ల తరువాత ఎలా పాడారో పక్కపక్కన పెట్టి తూచే వీలు మాత్రం ఇప్పుడు మన చేతుల్లోనే ఉంది.